ఊరు దాటని రుచులు



కైకలూరు, ఆకివీడు వైపు రోడ్డు మీద ఎప్పుడు నిలబడి చూసినా చేపల లారీలు కనిపిస్తాయి. పెట్టెల్లో ఐసు పరిచి, దాని మీద శీలావతినీ బొచ్చెనూ పేర్చి, మళ్ళీ ఐసు కప్పి, పైన టార్పాలిన్ బిగించి పశ్చిమ బెంగాల్‌కూ అస్సాంకూ పంపిస్తారు. పెదవేగి చుట్టుపక్కల ఆయిల్‌పామ్ గెలలు ఫ్యాక్టరీకి వెళ్ళి నూనె అయి ఎక్కడెక్కడి వంటిళ్ళకో చేరతాయి. ఆ తోటల నీడలోనూ కొబ్బరి నీడలోనూ కాసిన కోకో గింజలను చాక్లెట్ కంపెనీలు కొంటాయి. మెట్ట పొగాకు, డెల్టా బియ్యం, ఏలూరు తివాచీలు అన్నీ ఇంతే. ఏలూరు సీమ పండించినదాన్ని ఊరు దాటించడంలో ఆరితేరిన సీమ.

ఈవేళ నేను చెప్పదలచింది ఎక్కడికీ పంపడానికి వీల్లేని వాటి గురించి. శ్రావణంలో రాలే తాటిపండు, అదే జాతి చెట్టు నుంచి దించే కల్లు, కొల్లేటిలో తనంతట తాను పుట్టి పెరిగిన చేప. ఇవి ఐసులో పెట్టినా, సీసాలో పోసినా, డబ్బాలో మూసినా వాటి గుణం నిలవదు. కావాలంటే మనమే వెళ్ళాలి. వెళ్ళే కాలం వానాకాలం.

వాన పట్టిందంటే మన పట్టణాలవాళ్ళు అరకుకో ఊటీకో బయలుదేరతారు. వెళ్ళనివ్వండి, మంచి చోట్లే. కానీ ఒక శని, ఆదివారాలు వీలు చిక్కినప్పుడు ఏలూరులో గది తీసుకుని, మొదటి రోజు ఎగువన కామవరపుకోట మెట్టకూ, రెండో రోజు దిగువన కొల్లేటికీ వెళ్ళి చూడమని నా మనవి. చెన్నై–హౌరా పెద్దలైను మీద ఊరు కాబట్టి రైలు కష్టం లేదు. గొడుగు తీసుకెళ్ళండి, తడవడానికి సిద్ధపడే వెళ్ళండి.

ఎగువ, దిగువ అని ఎందుకు అన్నానంటే ఈ ప్రయాణమంతా నీటి దారే. కామవరపుకోట, చింతలపూడి, ద్వారకా తిరుమల వైపు ఎర్రమట్టి గుట్టల మీద కురిసిన వాన తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వాగుల్లో పడి కొల్లేటికి దిగుతుంది. ఇంకొంత ఎర్రకాలువ పట్టి తాడేపల్లిగూడెం వైపు పోతుంది. మీరు పైన తడిసిన వానే కింద మీ పడవను మోస్తుంది. వాగు దిగుతున్నకొద్దీ తిండీ మారుతుంది. పైన మెట్టలో చెట్టు పెట్టేది తింటారు, కింద లంకల్లో నీరు పెట్టేది తింటారు.

ఏలూరు నుంచి కామవరపుకోటకు 40 కిలోమీటర్లు ఉంటుంది. వరి మడులు వెనకబడి మొక్కజొన్న, జీడిమామిడి, ఆయిల్‌పామ్ మొదలవుతాయి. మండలంలోనే జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి గుహలున్నాయి. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం నాటికే అక్కడ బౌద్ధ భిక్షువులు ఇసుకరాతి కొండను తొలిచి నివాసాలు చేసుకున్నారు. ఎండాకాలంలో ఆ కొండ ఎక్కడం కష్టం. వానలో వెళ్తే చుట్టూ అడవి పచ్చబడి, రాయి తడిసి, ఆ చోటు ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

బౌద్ధ భిక్షువులు ఏడాదిలో ఎక్కువ భాగం ఊరూరా తిరిగేవారు. ఆషాఢ పున్నమి దాటాక మాత్రం మూడు నెలలు ఒక్కచోటే ఉండాలని నియమం. దాన్ని వర్షావాసం అంటారు. వానల్లో నడిస్తే లేత మొలకలూ చిన్న ప్రాణులూ కాళ్ళ కింద నలిగిపోతాయని ఆ కట్టుబాటు. అలా నిలిచిన చోట్లే పెరిగి పెద్దవై విహారాలయ్యాయి. ఇక్కడి గుండ్రటి చైత్యగుహలోకి వెళ్ళి తల పైకెత్తి చూడండి. పైకప్పు నిండా వాసాల్లాగా చెక్కిన రాతి పట్టీలు కనిపిస్తాయి. కర్రతో కట్టి పైన గడ్డి కప్పిన గుండ్రటి గుడిసె ఎలా ఉంటుందో అలాగే రాతిలో దించారు. బిహార్‌లో బరాబర్ కొండల గుహల్లోనూ ఇలాంటి పనితనమే ఉంది. వాసాలు రాతికి అవసరం లేదు, అవి లేకపోయినా కప్పు నిలుస్తుంది. అయినా చెక్కారంటే, వానకు తలదాచుకునే చోటు అనగానే ఆ శిల్పుల మనసులో మెదిలింది తమ ఊరి గుడిసే అన్నమాట. నడుమనున్న స్తూపాన్ని తరువాతి వాళ్ళు ధర్మలింగేశ్వరుడిగా కొలిచారు.

ఆ మూడు నెలలూ ఆ భిక్షువులకు అన్నం ఎక్కడిది? చుట్టుపక్కల పల్లెలు పెట్టినదే. వానాకాలంలో ఈ మెట్టపల్లె ఏం పెట్టగలదో ఇప్పుడు చూద్దాం.

శ్రావణ భాద్రపదాల్లో రాత్రిపూట గాలివాన వస్తే మర్నాడు తెల్లవారకముందే పిల్లలు బుట్టలతో తాళ్ళ కిందికి పరుగెత్తుతారు. నల్లగా నిగనిగలాడే తాటిపండ్లు రాలి ఉంటాయి. ఆ వాసన చాలా ఘాటు. ఒక పండు ఇంట్లో ఉంటే వీధిలోకి తెలుస్తుంది. మొదటిసారి కొందరు ముక్కు మూసుకుంటారు. రొట్టె ఒక ముక్క తిన్నాక ఆ వాసనే వాళ్ళకు ఆకలి పుట్టిస్తుంది.

తాటిరొట్టె పని ఓపికతో కూడుకున్నది. పండు తొక్క ఒలిచి, టెంకలు విడదీసి, పీచులో ఇరుక్కున్న గుజ్జును కాస్త నీళ్ళు చల్లుకుంటూ పిండి తీయాలి. చేతులు మోచేతులదాకా పసుపెక్కిపోతాయి. గుజ్జు వడకట్టి, అందులో బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరికోరు, నాలుగు ఏలకులు కలిపి కాసేపు నాననిస్తారు. మందపాటి గిన్నెలో నూనెగానీ నెయ్యిగానీ రాసి పోసి, కింద సన్నని సెగ, పైన మూత మీద నిప్పులు పెట్టి మెల్లగా కాలనిస్తారు. అంచులు ఎర్రగా మాడువాసన పట్టే దాకా ఆగాలి. తొందరపడితే నడుమ పచ్చిగా ఉండి గొంతులో చేదు తగులుతుంది. కొన్ని చెట్ల పండ్లకు పుట్టుకతోనే చేదు. ఏ చెట్టు తియ్యనిదో, ఏది చేదో ఊళ్ళో ఆడవాళ్ళకు గట్టు గట్టునా తెలుసు. ఈ గుజ్జుతోనే గారెలు, బూరెలు, ఇడ్లీలు కూడా చేస్తారు. నాకు మాత్రం అంచు మాడిన రొట్టె ముక్క తరువాతే మిగతావన్నీ.

గుజ్జు తీసిన టెంకల్ని పారెయ్యరు. మట్టిలో పాతర వేస్తే చలికాలానికి తేగలవుతాయి. వేసవిలో ముంజలు ఇచ్చిన చెట్టు వానల్లో పండు ఇస్తుంది, చలిలో తేగ ఇస్తుంది. ఇలాంటి చెట్టును రోడ్డు వెడల్పుకో, ఇటుక బట్టీల కట్టెకో అడ్డంగా నరికేస్తుంటే చూడలేకపోతున్నాను. ఒక తాటిచెట్టు కాపుకు రావాలంటే పదేళ్ళు దాటుతుంది. ఈవేళ కొట్టిన చెట్టుకు బదులు ఈవేళే టెంక పాతినా, మన పిల్లలు పెద్దవాళ్ళయ్యాకే దాని పండు తింటారు.

ఇక కల్లు. రేడియోలో కల్లు మాటేమిటని ఎవరైనా అనుకోవచ్చు. ఫ్రాన్సు వెళ్ళినవాళ్ళు అక్కడి ద్రాక్షసారా గురించి గౌరవంగా చెబుతారు. ఏ కొండవాలు మీద పండిన ద్రాక్ష, ఏ ఏటి పంట అని అడిగి తెలుసుకుంటారు. మన పొలం గట్టు మీది చెట్టు సారానికీ, దాన్ని దించే మనిషి నైపుణ్యానికీ అంతే మర్యాద దక్కాలని నా అభిప్రాయం.

గీత పని చూడండి. నడుముకు మోకు చుట్టుకుని, గీతకత్తి పెట్టుకుని, కొమ్మ లేని చెట్టును కాళ్ళ బలంతో ఎక్కి, పూతగెల కొసను పలచగా చెక్కి, కింద లొట్టి కడతారు. ఊట ఆగకుండా మళ్ళీ మళ్ళీ ఎక్కి చెక్కుతూ ఉండాలి. ఎక్కువ చెక్కితే గెల పోతుంది, తక్కువ చెక్కితే ఊట రాదు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియకుండా నీరాగా దిగుతుంది, పిల్లలూ తాగవచ్చు. సున్నం లేకపోతే గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న ఈస్టు వెంటనే పని మొదలుపెడుతుంది. ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. దించేసరికే నురగ కట్టి ఉంటుంది. కొన్ని గంటల్లో బీరంత మత్తు వస్తుంది. మర్నాటికి పులిసి వెనిగర్ దారి పడుతుంది. ద్రాక్షసారా ఏళ్ళ తరబడి నేలమాళిగలో ఆగితే విలువ పెరుగుతుంది. కల్లుకు ఒక పగలే ఆయుష్షు. అందుకే అది చెట్టు కనబడేంత దూరంలోనే తాగవలసిన పానీయం.

వానల్లో అది దొరకడం మాత్రం మన అదృష్టం. గీతకు అసలు కాలం మాఘం నుంచి వేసవి చివరిదాకా. వాన పట్టాక బోదె జారుతుంది, లొట్టిలోకి నీళ్ళు దిగుతాయి, పని పలచబడుతుంది. ఏటా ఎందరో గీత కార్మికులు చెట్టు మీంచి పడి చనిపోతున్నారు, నడుము విరిగి మంచాన పడుతున్నారు. వర్షం పడుతుండగా ఎవరినీ చెట్టెక్కమని అడగకండి, డబ్బు ఆశ చూపకండి. రెండు మూడు రోజులు తెరిపి ఇచ్చినప్పుడు, తమంతట తాము గీసేవాళ్ళు కనిపిస్తేనే ఆగండి.

మేము వెళ్ళినప్పుడు కామవరపుకోట దాటాక ఒకచోట అలా ఆగాం. గీత గీసే పెద్దాయన తాటాకు మడిచి చేతికిచ్చి లొట్టిలోంచి వంపాడు. ముందు తీపి, వెనక సన్నని పులుపు, చివర ఆకు పసరువాసన. సాయంత్రానికి ఒక సీసాలో పట్టుకెళ్తానన్నాడు మాతో వచ్చిన కుర్రాడు.

“వద్దు బాబూ. మధ్యాన్నం దాటాక దీన్ని నేనే ముట్టుకోనండి. మీకేం పోస్తాను?” అన్నాడు ఆయన.

ఆ మాట వ్యాపారానికి నష్టమే. అయినా తన సరుకు ఎప్పుడు బాగుంటుందో, ఎప్పుడు బాగుండదో తెలిసినవాడు కాబట్టి అన్నాడు. మీరూ చెట్టు దగ్గర, గీసినవాళ్ళ చేతి మీదుగానే తీసుకోండి. దుకాణాల్లో మందుపొడులు కలిపిన కల్లు తాగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. తాగినవారు బండి నడపకూడదు, పడవ ఎక్కకూడదు. అలవాటు లేనివారు నీరా అడగండి, అదే ఎక్కువ రుచి అనేవాళ్ళూ ఉన్నారు.

తిరుగుదారిలో ద్వారకా తిరుమల మీదుగా రావచ్చు. ఆకాశం చిల్లిపడినట్టు కురిసే సీమలో ఆ స్వామి మీద మాత్రం నీటి చుక్క పడనివ్వరు. పడితే విగ్రహం కింద ఉన్న ఎర్రచీమలు కదులుతాయని నమ్మకం, అందుకే మూలమూర్తికి అభిషేకం లేదు.

సాయంత్రానికి ఏలూరు. తమ్మిలేరు రెండు పాయలుగా చీలి ఊరి అటూ ఇటూ పోతుంది. ధవళేశ్వరం నుంచి గోదావరి కాలువ, బెజవాడ నుంచి కృష్ణా కాలువ వచ్చి ఈ ఊళ్ళోనే కలుసుకుంటాయి. పందొమ్మిదో శతాబ్దపు ఆనకట్టల కాలం నుంచీ రెండు నదుల నీళ్ళూ ఏలూరు ఎరిగిన నీళ్ళే. కాలువ వంతెన మీద నిలబడి చూసి, పవర్‌పేట వైపో పాతబస్తీలోకో నడిస్తే వేడివేడి పునుగులు, ఉల్లి పెసరట్టు, అల్లం పచ్చడి దొరుకుతాయి. వాన చినుకుల్లో పకోడీ తినాలనిపిస్తే ఉల్లిపాయకు కొరతలేని చోటు, పక్కనున్న తాడేపల్లిగూడెం రాష్ట్రంలో పేరుమోసిన ఉల్లి మార్కెట్టు. పొద్దున టిఫినుకు దిబ్బరొట్టె వేసే హోటలు ఎక్కడుందో ఆ రాత్రే అడిగి పెట్టుకోండి.

రెండో రోజు మొత్తం కొల్లేటికి ఇవ్వాలి.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో నిలిచిన మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు ఇందులోకి వస్తాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. రావడానికి అన్ని దారులు, పోవడానికి ఒక్కటి కావడంతో వానాకాలంలో కొల్లేరు ఉబ్బుతుంది. ఇక్కడివాళ్ళు కొల్లేటిని కాంటూరు లెక్కల్లో మాట్లాడతారు. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత వరకు నీరుంటే 308 చదరపు కిలోమీటర్లు, పదడుగుల గీతకు చేరితే 901. అంటే అయిదడుగుల నీరు ఎక్కితే సరస్సు దాదాపు మూడింతలవుతుంది. ఎండాకాలంలో చూసినవాడు, వానాకాలంలో చూసినవాడు కొల్లేరు గురించి వాదులాడుకుంటే ఇద్దరిదీ నిజమే.

ఏలూరు నుంచి గుడివాకలంక వైపు వెళ్ళినా, కైకలూరు దారిలో వెళ్ళి కొల్లేటికోట చేరినా రోడ్డుకు రెండు పక్కలా నీరే. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ఉంది, లంకల ఊళ్ళన్నిటికీ ఆవిడే తల్లి. పక్షుల కోసం వచ్చేవాళ్ళు చలికాలంలో ఆటపాకకు రావాలి, గూడబాతులు గూళ్ళు కట్టేది అప్పుడు. వానల్లో పక్షులు తక్కువ. చేప ఉంటుంది.

ఈ నీటి మీద ముందటి తరాలవాళ్ళు తిరిగింది తాటిదోనెల్లో. తాటిమొద్దును నిలువునా చీల్చి, లోపలి మెత్తటి భాగాన్ని తొలిచి చేసేవాళ్ళు. మెట్ట మీద రొట్టె ఇచ్చిన చెట్టే లంకలో పడవ అయింది. ఇప్పుడు ఫైబర్ పడవలు ఎక్కువ.

కొల్లేటి సొంత చేపలంటే కొర్రమేను, మార్పు, ఇంగిలాయి, మట్టగిడస, వాలుగ, బొమ్మిడాయి. వీటిలో కొర్రమేనుకూ, మార్పుకూ, ఇంగిలాయికీ పైకి వచ్చి గాలి పీల్చే శక్తి ఉంది. బురదలో, కలుపు నిండిన నీటిలో కూడా బతుకుతాయి. అందుకే బజారులో గిన్నెల్లో బతికుండగానే అమ్ముతారు. వాన పడగానే ఎదురెక్కి, పొలాల మీదికి పరుచుకున్న పల్చటి నీటిలో గుడ్లు పెడతాయి. వానాకాలం వాటికి పెళ్ళిళ్ళ కాలం.

ఆ పల్చటి నీరు ఇప్పుడు తగ్గిపోయింది. చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేశాయి. చెరువు వేసేవాళ్ళు కొర్రమేను, వాలుగ లాంటివి పిల్లచేపల్ని తినేస్తాయని వాటిని ముందే ఏరేస్తారు. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో గట్లు తెగ్గొట్టారు. తరువాత చాలాచోట్ల మళ్ళీ లేచాయి. చెరువు మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, వాళ్ళ బతుకు తేలిగ్గా తీసేయగలిగింది కాదు. కానీ వల భుజాన వేసుకుని సరస్సు మీద ఆధారపడిన వడ్డి కులస్తుల కుటుంబాలకు ఏం మిగిలిందో కూడా అడగాలి. అక్కినేని కుటుంబరావుగారు ‘కొల్లేటి జాడలు’ అని ఒక నవలే రాశారు. ఈ ప్రయాణానికి ముందు దాన్ని చదివి వెళ్ళమంటాను.

మేము వెళ్ళిన లంక ఊళ్ళో హోటలు లేదు. తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఇంట్లో మాట్లాడుకుని భోజనం చేశాం. ఆ ఇంటావిడ బొమ్మిడాయిల్ని రాళ్ళఉప్పు, బూడిద వేసి గరుకు బండ మీద తోముతోంది. జిగురు పోయే దాకా, చేప తెల్లబడేదాకా తోమాలి. అక్కడ బద్ధకిస్తే పులుసంతా నీచువాసనే. మట్టిదాకలో నూనె పోసి, నూరిన ఉల్లిముద్ద ఎర్రగా వేగాక పసుపు, కారం, ధనియాల పొడి వేసి, చిక్కటి చింతపండు పులుసు పోసింది. అది మరిగి నూనె తేలాకే చేప వేసింది. వేశాక గరిటె పెట్టలేదు. దాక అంచులు గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ ఊపింది, అంతే. దించే ముందు వేయించిన మెంతిపొడి చిటికెడు, కొత్తిమీర.

ఉడుకన్నంలో కలుపుకుని తిన్నాం. బొమ్మిడాయికి నడుమ ఒక్క ముల్లే ప్రధానం, మాంసం దాన్నుంచి జారి వస్తుంది. చెరువు చేపలో లేని గట్టిదనం, కాస్త మట్టి కమ్మదనం. నేను బాగుందని చెబుతుంటే ఆవిడకు తృప్తిగా లేదు.

“అప్పుడే ఏం తెలుత్తాదండి బాబుగారూ? రేపు పొద్దున్న చద్దన్నంలో తినాలండి దీన్ని. పులుసు ముక్కకి పట్టాలి కదండీ, ఆయ్. రాత్రికి ఉండిపోండి.”

ఆవిడ చెప్పింది నిజమే. రాత్రంతా పులుపు చేపలోకి దిగుతుంది. వీలున్నవారు ఆదివారం రాత్రి కూడా ఆగేలా చూసుకోండి.

పులస కావాలనుకునేవాళ్ళు గోదావరి పాయల వైపు వెళ్ళాలి, అది సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీది వచ్చే చేప, కొల్లేటిది కాదు. దాని ధర పెట్టలేక బాధపడేవారికి కొల్లేటి కొర్రమేను పులుసు ఏ విధంగానూ తక్కువ కాదని నా నమ్మకం.

జాగ్రత్తలు కొన్ని చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తరువాత ఆ నీరంతా కొల్లేటికే దిగింది. ఏలూరు–కైకలూరు రోడ్డు మీద నీరు పారి రాకపోకలు ఆగాయి. పైన వాన ఆగిన రెండు మూడు రోజులకు కింద నీరు పెరుగుతుంది, కాబట్టి ఏలూరులో ఎండ కాస్తోందని ధైర్యపడకుండా ముందు దారి సంగతి విచారించుకోండి. వాగు పొంగి కాజ్‌వే మీద పారుతుంటే దాటకండి, వెనక్కి వచ్చెయ్యండి. ఊళ్ళు నీళ్ళలో ఉన్నప్పుడు చూడటానికి వెళ్ళకండి. అది వాళ్ళకు కష్టకాలం.

ఆగస్టు నడుమ నుంచి సెప్టెంబరు నెలాఖరు లోపల వెళ్ళగలిగితే తాటిపండు దొరుకుతుంది, దాటితే రాలడం అయిపోతుంది. కొల్లేటి భోజనం మాత్రం ముందురోజే చెప్పి ఉంచాలి. అక్కడ మావులు అనే చేపల బోనులు సాయంత్రం పెట్టి తెల్లవారి తీస్తారు. ఎంతమంది వస్తున్నారో తెలిస్తే దానికి తగ్గట్టు పెడతారు. చెప్పకుండా వెళ్తే మీకోసం బజారుకు వెళ్ళి చెరువు చేపే తెస్తారు, పాపం, వచ్చినవాళ్ళను ఊరికే పంపడం వాళ్ళకు చేతకాదు.